మేత దుకాణం పద్దులకు పోస్ట్‌గ్రెస్: కరెంటు పోయినప్పుడు ఏది నిలుస్తుంది?

కోవూరులో నేను లెక్కలు చూస్తున్న రొయ్యల మేత దుకాణంలో పాత బిల్లింగు ప్రోగ్రామును తీసివేసి, నెల్లూరులోని ఒక చిన్న సంస్థ తయారుచేసిన కొత్త ప్రోగ్రామును పెట్టించాము. తెర మీద కనిపించే భాగం ఆ సంస్థది. లోపల పద్దులను భద్రపరిచేది మాత్రం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (క్లుప్తంగా పోస్ట్‌గ్రెస్) అనే డేటాబేసు. ఈ సమీక్ష ప్రధానంగా ఆ లోపలి భాగం గురించే. బిల్లు అందంగా అచ్చవుతుందా, వాట్సాప్‌లో రైతుకు వెళుతుందా, జీఎస్టీ రిటర్నుకు కావలసిన వివరాలు ఒక్క మీటతో వస్తాయా అన్న సంగతులను అమ్మడానికి వచ్చినవారే చక్కగా చూపిస్తారు. సొమ్ముతో ముడిపడిన ఒక వ్యవహారం సగంలో ఆగిపోతే ప్రోగ్రాము ఏమి చేస్తుందన్నది ఎవరూ చూపించరు, కొనేవారు కూడా అడగరు. లెక్కల ప్రోగ్రామును ముందుగా పరీక్షించవలసింది అక్కడే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా వ్యాపారం తీరు తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. విడవలూరు, కొడవలూరు, అల్లూరు మండలాల నుండి వచ్చే వనామీ రకం రొయ్యల రైతులు మేత బస్తాలను ఎక్కువగా అరువు మీదనే తీసుకుపోతారు. చెరువు పట్టుబడి అయిన తరువాత బాకీ తీరుస్తారు. అంటే ఒక్క బిల్లు వేసినప్పుడు కనీసం నాలుగు చోట్ల మార్పు జరగాలి: బిల్లు నమోదు కావాలి, గోడౌనులో బస్తాల నిల్వ తగ్గాలి, రైతు ఖాతాలో బాకీ పెరగాలి, పన్ను పద్దులో మొత్తం చేరాలి. ఈ నాలుగింటిలో రెండు జరిగి రెండు జరగకపోతే, ఆ తప్పు ఆ రోజు బయటపడదు. నెలల తరువాత, పట్టుబడి డబ్బుతో రైతు లెక్క చూసుకోవడానికి వచ్చిన రోజున బయటపడుతుంది. అప్పటికి ఎవరికీ ఏమీ గుర్తుండదు.

పాత ప్రోగ్రాములో ఈ నాలుగు పనులూ ఒకదాని తరువాత ఒకటిగా, వేటికవే విడివిడిగా జరిగేవి. వేసవిలో కరెంటు చెప్పకుండా పోవడం, ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలివానకు లైన్లు తెగడం మా ప్రాంతంలో కొత్త కాదు. యూపీఎస్ బ్యాటరీ బలహీనపడిన తరువాత ఒకసారి బిల్లు వేస్తుండగానే యంత్రం ఆగిపోయింది. తిరిగి తెరిచి చూస్తే రైతు ఖాతాలో బాకీ పడింది కాని, బిల్లు లేదు, నిల్వ తగ్గలేదు. గుమాస్తా బిల్లు పడలేదనుకొని మళ్ళీ వేశాడు. లెక్క చూసుకునే రోజున ఆ పెద్దాయన కాగితం మీద వేలు పెట్టి, "ఈ బస్తాలు రెండుసార్లు ఎందుకు రాశావు నాయనా, నేను తీసుకుపోయింది ఒక్కసారే గదా" అన్నారు. ఆయన మాటే నిజం. మేత దుకాణానికి నమ్మకమే పెట్టుబడి. అటువంటి సంఘటన ఒక్కటి చాలు, పది ఊళ్ళలో మాట పడిపోతుంది.

దీనికి పరిష్కారం కొత్తదేమీ కాదు. బ్యాంకులు, విమాన టికెట్ల కంపెనీలు 1960ల నుండి ఎదుర్కొన్న చిక్కే ఇది. 1970లలో ఐబీఎం వారి శాన్ హోసే పరిశోధనశాలలో సిస్టం ఆర్ అనే డేటాబేసును నిర్మించిన బృందం దీనికి గట్టి పునాది వేసింది. ఆ బృందంలోని జిమ్ గ్రే, ఒక వ్యవహారానికి చెందిన పద్దులన్నింటినీ ఒకే కట్టగా చూసే లావాదేవీ అనే భావనను స్పష్టంగా నిర్వచించి, 1998లో ట్యూరింగ్ పురస్కారాన్ని అందుకున్నారు. 1983లో థియో హెర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు లావాదేవీకి ఉండవలసిన నాలుగు లక్షణాలను కలిపి ఆసిడ్ అనే పొట్టి పేరు పెట్టారు. లావాదేవీ మొత్తం జరగాలి, లేకుంటే ఏమీ జరగనట్టే ఉండాలి. ముందు నిబంధనలకు లోబడి ఉన్న పద్దులు తరువాత కూడా లోబడే ఉండాలి. ఒకేసారి నడిచే లావాదేవీలు ఒకదానినొకటి చెడగొట్టకూడదు. ఒకసారి ఖాయమైనది ఏ కారణంగానూ పోకూడదు. పోస్ట్‌గ్రెస్ 1986లో బర్క్లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో మొదలై, 1996లో ఇప్పటి పేరును పొందింది. దానిని వాడుకోవడానికి లైసెన్సు రుసుము లేదు. మేము డబ్బు చెల్లించింది పై ప్రోగ్రాముకు, దాని నిర్వహణకు మాత్రమే.

మొదట పరీక్షించింది కరెంటు సంగతినే. దుకాణంలోని అసలు యంత్రం మీద కాకుండా, అదే ప్రోగ్రామును ఒక పాత కంప్యూటరులో పెట్టించి, నకిలీ రైతుల పేర్లతో బిల్లులు వేస్తూ, భద్రపరిచే మీట నొక్కిన క్షణంలోనే గోడ దగ్గర ప్లగ్గు లాగివేయించాను. తిరిగి ఆన్ చేసిన ప్రతిసారీ ఆ బిల్లుకు సంబంధించిన నాలుగు పద్దులూ ఉన్నాయి, లేదా నాలుగూ లేవు. రెండు ఉండి రెండు లేకపోవడం ఒక్కసారి కూడా కనిపించలేదు. "బిల్లు భద్రమైంది" అన్న సందేశం తెర మీద కనిపించిన తరువాత పోయిన బిల్లు కూడా లేదు.

ఇది ఎలా సాధ్యమవుతుందో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే అమ్మకందారు "మాది చాలా సేఫ్ అండీ" అంటే సరిపోదు. మన పాత కోమటి దుకాణాలలో వ్యవహారం జరిగిన వెంటనే చిట్టాలో వరుసగా రాసుకొని, తీరిక దొరికినప్పుడు ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వారి పద్దును ఎక్కించేవారు. ఆవర్జా పాడైనా చిట్టా ఉంటే మళ్ళీ అంతా రాసుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ చేసేదీ సరిగ్గా అదే. ప్రతి మార్పునూ ముందుగా లాగ్ అనే వరుస దస్త్రంలో రాస్తుంది. ఆ లాగ్ డిస్కు మీదకు నిజంగా చేరిందని నిర్ధారించుకున్న తరువాతే లావాదేవీ కమిట్ అయిందని, అంటే ఖాయమైందని చెబుతుంది. అసలు పట్టికలను డిస్కు మీద సరిదిద్దడం మాత్రం తీరికగా, మామూలు అమరికలో అయిదు నిమిషాలకు ఒకసారి, చేస్తుంది. మధ్యలో కరెంటు పోతే, తిరిగి లేచినప్పుడు పట్టికలను చివరిసారి సరిదిద్దిన చోటు నుండి లాగ్‌ను చదువుకుంటూ వచ్చి పట్టికలను పూర్తి చేస్తుంది. కమిట్ కాని లావాదేవీ తాలూకు వరుసలు డిస్కు మీద పడి ఉన్నప్పటికీ అవి ఎవరికీ కనిపించవు, తరువాత ఊడ్చివేయబడతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఈ పద్ధతి 2001లో వచ్చిన 7.1వ సంచికతో మొదలైంది. ఐబీఎంలో పనిచేసిన, ఐఐటీ మద్రాసులో చదువుకున్న సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన ఏరీస్ అనే పద్ధతి ఈ రంగంలో ఎన్నో డేటాబేసులకు దారి చూపింది. పోస్ట్‌గ్రెస్ దానికంటే కొంత వేరుగా నడుస్తుంది, పాత వరుసను చెరపకుండా పక్కన కొత్త వరుసను రాస్తుంది కనుక వెనక్కి తిప్పి చెరిపే పని దానికి ఉండదు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం నాకు ఎంతో నచ్చింది. పోస్ట్‌గ్రెస్ పట్టికలను 8 కిలోబైట్ల పేజీలుగా రాస్తుంది, కాని డిస్కు అంత పేజీని ఒకే ఊపులో రాస్తుందన్న హామీ లేదు. సగం పేజీ కొత్తది, సగం పేజీ పాతది అయిన క్షణంలో కరెంటు పోవచ్చు. అందుకని, పట్టికలను అలా సరిదిద్దిన ప్రతిసారీ, ఆ తరువాత ఒక పేజీని మొదటిసారి మార్చినప్పుడు ఆ పేజీ మొత్తాన్నీ లాగ్‌లో నకలు రాసుకుంటుంది. లాగ్ పరిమాణం పెరుగుతుంది, కొంత వేగం తగ్గుతుంది. వేగం కోసం ఈ అమరికను ఆపివేయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. సొమ్ము లెక్కలు చూసే యంత్రంలో ఆ పని ఎప్పుడూ చేయకూడదు.

డేటాబేసు ఎంత నిజాయతీగా ఉన్నా, కింద ఉన్న డిస్కు అబద్ధం చెబితే అంతా వృథా. కొన్ని చవక డిస్కులు రాయవలసినదానిని తమ తాత్కాలిక జ్ఞాపకంలో పెట్టుకొని, డిస్కు మీద రాసేశామని బదులిస్తాయి. కరెంటు పోతే ఆ జ్ఞాపకం ఖాళీ అవుతుంది. దీనిని పట్టుకోవడానికి పోస్ట్‌గ్రెస్‌తో పాటే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే చిన్న సాధనం వస్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పాత తరహా హార్డు డిస్కు సెకనుకు 120 సార్లే తిరుగుతుంది కాబట్టి, ఒక్కొక్క రాతకూ ఆగి నిర్ధారించుకుంటే సెకనుకు సుమారు అన్నిసార్లే సాధ్యం. ఆ సాధనం అటువంటి డిస్కు మీద వేలల్లో సంఖ్య చూపిస్తే, ఆ డిస్కు నిజం చెప్పడం లేదని అర్థం. పరీక్షకు తీసుకున్న పాత కంప్యూటరులో ఈ సంఖ్య నమ్మదగినట్టే వచ్చింది. దుకాణంలోని అసలు యంత్రానికి మాత్రం, కరెంటు పోయినా చేతిలో ఉన్న రాతను ముగించగల రక్షణ ఉన్న ఎస్‌ఎస్‌డీని కొనిపించాము. ధర ఎక్కువే. ఈ ఖర్చు దగ్గర యజమానిని ఒప్పించడానికి ప్లగ్గు లాగే పరీక్షనే ఆయన ఎదుట చేసి చూపించవలసి వచ్చింది.

పోస్ట్‌గ్రెస్‌కు మచ్చ లేదని నేను అనడం లేదు. 2018లో ఒక తీవ్రమైన లోపం వెలుగులోకి వచ్చింది. లినక్సు అనే ఆపరేటింగు వ్యవస్థలో డిస్కుకు రాయడం ఒకసారి విఫలమైతే, రెండవసారి అడిగినప్పుడు ఆ వ్యవస్థ అంతా సవ్యంగా ఉందని బదులు చెప్పే సందర్భాలున్నాయని, పోస్ట్‌గ్రెస్ ఆ మాటను నమ్మి ముందుకు సాగుతోందని తేలింది. 2019 ఫిబ్రవరిలో విడుదలైన సవరణలతో తీరు మార్చారు: అటువంటి వైఫల్యం కనిపించగానే డేటాబేసు తనంతట తాను ఆగిపోయి, లాగ్ నుండి తిరిగి కోలుకుంటుంది. తప్పు పద్దుతో నడవడం కంటే ఆగిపోవడమే మేలన్న ఆ నిర్ణయం సరైనది. ఆ చర్చ అంతా బహిరంగంగా, ఎవరైనా చదువుకునేలా జరగడం ఈ ఉత్పత్తి మీద నా గౌరవాన్ని పెంచింది.

కరెంటు సంగతి తరువాత నేను ఎక్కువ కాలం వెచ్చించింది రెండు కౌంటర్ల సంగతి మీద. మా దుకాణంలో ఒక కౌంటరు ముందు గదిలో, మరొకటి గోడౌను దగ్గర ఉంటాయి. ఒక రకం మేత 18 బస్తాలే మిగిలిందనుకుందాం. ముందు కౌంటరులో ఒకరికి 12, గోడౌను కౌంటరులో మరొకరికి 10 బస్తాలు ఒకే క్షణంలో రాస్తే, రెండు యంత్రాలూ నిల్వ 18 అని చదువుకుంటాయి, రెండూ సరిపోతాయనుకుంటాయి. ఒకటి 6 అని, మరొకటి 8 అని తిరిగి రాస్తాయి. 22 బస్తాలు అమ్మి, కాగితం మీద ఎనిమిది మిగిలినట్టు చూపించే పరిస్థితి ఇది. పాత ప్రోగ్రాములో నెలాఖరు నిల్వ ఎప్పుడూ సరిపోకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

కొత్త ప్రోగ్రాములో నిల్వ వరుసను చదివేటప్పుడే దానికి లాక్ వేస్తున్నారు. మొదటి కౌంటరు పని ముగిసేవరకు రెండవది ఆగుతుంది, తరువాత 6 అనే కొత్త సంఖ్యను చూసి, పది బస్తాలు లేవని చెబుతుంది. దానికి తోడు నిల్వ సున్నా కంటే తగ్గకూడదన్న నిబంధనను పట్టికకే కట్టారు. ఒకవేళ ప్రోగ్రాము రాసినవారు పొరపడినా డేటాబేసు ఆ లావాదేవీని తిరస్కరిస్తుంది. నిబంధనలు తెరలో కాకుండా పద్దుల దగ్గరే ఉండడం నేను కోరుకునే క్రమశిక్షణ. డబ్బును దశాంశాలు జారిపోయే రకంలో కాకుండా ఖచ్చితమైన సంఖ్యారకంలో దాచడం కూడా ఇటువంటిదే.

అయితే ఒక హెచ్చరిక అవసరం. పోస్ట్‌గ్రెస్ మామూలు అమరికలో లావాదేవీలను పూర్తిగా విడదీయదు. కమిట్ అయిన పద్దులను మాత్రమే చూపిస్తుందన్నది నిజమే, కాని ప్రోగ్రాము డేటాబేసును అడిగే ప్రతి ప్రశ్నకూ అప్పటి తాజా చిత్రాన్ని చూపిస్తుంది. ఈ తేడా రోజువారీ నివేదికలో మాకు ఎదురైంది. సాయంత్రం నివేదిక మొదట బిల్లుల మొత్తాన్ని, ఆ తరువాత ఖాతాల బాకీని విడివిడి ప్రశ్నలతో తీసుకునేది. ఆ రెండింటి మధ్య గోడౌను కౌంటరులో ఒక బిల్లు పడితే రెండు మొత్తాలూ సరిపోయేవి కావు. తప్పు ఏ పద్దులోనూ లేదు, చూసిన క్షణాలు వేరు. తయారీదారులకు చెప్పగా, నివేదిక మొత్తాన్ని ఒకే క్షణపు చిత్రం మీద నడిచే స్థాయికి మార్చారు. ఒక్క అమరికను మార్చినందుకే ఆ సమస్య పోయింది. నివేదిక ఎంతసేపు నడిచినా బిల్లులు ఆగకపోవడం పోస్ట్‌గ్రెస్‌లోని గొప్ప సౌకర్యం; పాత వరుసలను అట్టే పెట్టి కొత్తవి పక్కన రాసే పద్ధతి వల్లనే ఇది సాధ్యమైంది. ఆ పాత వరుసలను ఊడ్చే పని దానంతట అదే జరుగుతుంది గాని, అప్పుడప్పుడు గమనిస్తూ ఉండాలి.

ఇంతకంటే లోతైన చిక్కు అరువు పరిమితిది. ఒకే కుటుంబానికి రెండు చెరువుల పేరిట రెండు ఖాతాలుంటాయి, రెండింటికీ కలిపి అయిదు లక్షల పరిమితి పెట్టామనుకుందాం. బాకీ నాలుగున్నర లక్షలున్నప్పుడు తండ్రి ఒక కౌంటరులో ఒక ఖాతా మీద, కొడుకు మరొక కౌంటరులో రెండవ ఖాతా మీద చెరి నలభై వేలకు మేత తీసుకుంటే, రెండు లావాదేవీలూ మొత్తాన్ని కూడి చూసుకొని పరిమితి లోపలే ఉన్నామని తేల్చుకుంటాయి. ఇద్దరూ ముట్టుకున్న వరుసలు వేరు కనుక లాక్ అడ్డుపడదు. దీనిని పట్టుకునేది లావాదేవీలను పూర్తిగా విడదీసే సీరియలైజబుల్ అనే అత్యున్నత స్థాయి మాత్రమే. 2011లో వచ్చిన 9.1వ సంచిక నుండి పోస్ట్‌గ్రెస్‌లో ఇది నిజమైన అర్థంలో ఉంది. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రతిపాదించిన పద్ధతిని, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్ర న్యాయస్థానాల కంప్యూటరు విభాగంలో పనిచేసిన కెవిన్ గ్రిట్నర్, పరిశోధకుడు డాన్ పోర్ట్స్‌తో కలిసి ఇందులోకి తెచ్చారు. నిత్యం పద్దులతో పనిచేసే చోటి నుండే ఇది రావడం నాకు సంతోషం కలిగించింది. ఈ స్థాయిలో రెండు లావాదేవీలలో ఒకటి ఆగిపోతుంది, ప్రోగ్రాము దానిని మొదటి నుండి మళ్ళీ నడపాలి. మా ప్రోగ్రాము అరువు బిల్లులకు మాత్రమే ఈ స్థాయిని వాడుతుంది, ఆగిపోయినదాన్ని తనంతట తానే మళ్ళీ నడుపుతుంది. గుమాస్తాకు ఒక క్షణం ఆలస్యం తప్ప మరేమీ తెలియదు.

రెండు కౌంటర్లూ ఒకదాని కోసం మరొకటి ఎదురుచూస్తూ నిలిచిపోయే డెడ్‌లాక్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పోస్ట్‌గ్రెస్ ఒక సెకను ఆగి చూసి, చిక్కుముడి ఉందని తేలితే ఒక లావాదేవీని రద్దు చేస్తుంది. బిల్లులోని సరుకులను ఎప్పుడూ కోడ్ సంఖ్యల వరుసలోనే లాక్ చేయడం వల్ల మాకు అది దాదాపు ఎదురుకాదు.

బిల్లు సంఖ్యల విషయం మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో చాలామంది ప్రోగ్రామర్లు పొరపడుతున్నారు. జీఎస్టీ నిబంధనలలోని 46వ నియమం ప్రకారం బిల్లుకు వరుస సంఖ్య ఉండాలి, అది పదహారు అక్షరాలు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు. పోస్ట్‌గ్రెస్‌లో వరుస సంఖ్యలను ఇచ్చే సీక్వెన్స్ అనే సదుపాయం ఉంది, కాని అది లావాదేవీ నియమాలకు వెలుపల ఉంటుంది. లావాదేవీ రద్దయినా తీసుకున్న సంఖ్య తిరిగి రాదు. అంతేకాక అది 32 సంఖ్యలను ముందుగానే లాగ్‌లో రాసుకుంటుంది కనుక, యంత్రం హఠాత్తుగా ఆగిపోతే ముప్పైకి పైగా సంఖ్యలు ఒక్కసారిగా దాటిపోవచ్చు. ఇది లోపం కాదు, వేగం కోసం తెలిసి చేసిన ఏర్పాటు, డాక్యుమెంటేషనులోనే సంఖ్యల మధ్య ఖాళీలు వస్తాయని హెచ్చరిక ఉంది. అయినా ఈ ప్రోగ్రాము తొలి రూపంలో బిల్లు సంఖ్యకు దానినే వాడారు, ప్లగ్గు లాగే పరీక్షలో సంఖ్యలు గెంతడం కనిపించింది. ఆడిటరు ముందు ఆ ఖాళీలకు సమాధానం చెప్పవలసింది దుకాణదారు కదా. తరువాత వారు బిల్లు సంఖ్యకు ప్రత్యేకంగా ఒక పట్టికలో ఒక వరుసను పెట్టి, లావాదేవీ లోపలే లాక్ వేసి పెంచే పద్ధతికి మార్చారు. రద్దయితే సంఖ్య కూడా వెనక్కి వస్తుంది.

దీనికి ఒక మూల్యం ఉంది. ఆ ఒక్క వరుస మీద లాక్ ఉన్నంతసేపు మరొక కౌంటరు బిల్లు వేయలేదు. కాబట్టి లావాదేవీ రెప్పపాటులో ముగియాలి. బిల్లు తెర తెరిచినప్పుడే లావాదేవీని మొదలుపెట్టి, రైతు జేబులో ఫోను వెతుక్కొని, యూపీఐ పిన్ గుర్తు తెచ్చుకునేంతవరకు దానిని తెరిచి ఉంచే ప్రోగ్రాములను నేను ఇతర దుకాణాల్లో చూశాను. అక్కడ రెండవ కౌంటరు ఎందుకు బిగుసుకుపోతుందో ఎవరికీ అర్థం కాదు. మా ప్రోగ్రాములో సరుకులు ఎంచుకోవడం, ధర మాట్లాడుకోవడం అంతా లావాదేవీ బయట జరుగుతుంది. మీట నొక్కిన తరువాతే లావాదేవీ మొదలై, నాలుగు పద్దులూ రాసి, ముగుస్తుంది.

యూపీఐ దగ్గర డేటాబేసు శక్తి ఆగిపోతుంది, ఇది కొనేవారందరూ గ్రహించాలి. 2016లో మొదలైన యూపీఐలో సొమ్ము కదిలేది బ్యాంకుల యంత్రాలలో. మా కోవూరు యంత్రం తన లావాదేవీలోకి బ్యాంకును లాక్కోలేదు. వేరువేరు యంత్రాలను ఒకే నిర్ణయానికి కట్టడానికి రెండంచెల కమిట్ అనే పద్ధతి ఉంది, జిమ్ గ్రే 1978లోనే దానిని వివరించారు, పోస్ట్‌గ్రెస్‌లోనూ దానికి కావలసిన ఏర్పాటు ఉంది. మొదటి అంచెలో అందరూ సిద్ధమని మాట ఇస్తారు, రెండవ అంచెలో సమన్వయకర్త కానిమ్మంటాడు. సిద్ధమని చెప్పిన తరువాత సమన్వయకర్త యంత్రం మూగబోతే మిగిలినవారు లాకులు పట్టుకొని ఎదురుచూడవలసిందే. ఏ బ్యాంకూ ఒక మేత దుకాణం కోసం అలా ఎదురుచూడదు.

అందుచేత ఈ ప్రోగ్రాము చేసే పని వేరు. చెల్లింపు కోరేముందే ఒక ప్రత్యేక సంఖ్యతో "నిర్ధారణ కావలసినది" అన్న పద్దును రాసి కమిట్ చేస్తుంది. బ్యాంకు నుండి జవాబు వస్తే దానిని జమగా మారుస్తుంది. జవాబు రాకపోతే అదే సంఖ్యతో మళ్ళీ అడుగుతుంది. ఎన్నిసార్లు అడిగినా ఒకే జమ పడుతుంది. రైతు ఖాతాలో సొమ్ము తగ్గి, మాకు నిర్ధారణ అందనప్పుడు ఏమి జరగాలో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వులో ఉంది: దుకాణదారుకు యూపీఐ చెల్లింపు అయితే లావాదేవీ జరిగిన రోజు తరువాత అయిదు రోజుల లోపు సొమ్ము తనంతట తాను వెనక్కి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అటువంటి సందర్భంలో ప్రోగ్రాము ఆ పద్దును విడిగా ఎర్ర రంగులో నిలిపి ఉంచుతుంది. రైతుకు ఆ కాగితాన్నే అచ్చువేసి ఇస్తున్నాము. మళ్ళీ చెల్లించమని బలవంతపెట్టడం మానివేశాము, ఎందుకంటే ఆ సొమ్ము ఎక్కడ ఉందన్న ప్రశ్నకు ఇప్పుడు మా దగ్గర రాతపూర్వకమైన జాడ ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. లావాదేవీ రద్దయినప్పుడు కొన్ని తెరలలో డేటాబేసు ఇచ్చే ఇంగ్లీషు సందేశమే యథాతథంగా కనిపిస్తోంది, గుమాస్తా దానిని చూసి బిల్లు పడిందో లేదో తెలియక భయపడుతున్నాడు. "బిల్లు పడలేదు, మళ్ళీ నొక్కండి" అని తెలుగులో రాయడం కష్టమైన పని కాదు. పేజీలలోని తప్పులను పసిగట్టే చెక్‌సమ్ అమరిక 18వ సంచిక నుండి దానంతట అదే వస్తుంది గాని, మాకు ఇచ్చినది అంతకు ముందు సంచిక. దానిని ఆన్ చేయకుండానే ఇచ్చారు, మేము అడిగిన తరువాత చేశారు. నకళ్ళ విషయంలోనూ రాత్రికి ఒకసారి నకలు తీయడంతో సరిపెట్టారు. లాగ్ దస్త్రాలను వెంటవెంటనే మరొక చోటికి పంపుతూ ఉంటే, ఫలానా గంట ఫలానా నిమిషం వరకు పద్దులను తిరిగి తెచ్చుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో 2005 నుండి ఉన్న ఈ సౌకర్యాన్ని అదనపు రుసుముకు అమ్మడం నాకు నచ్చలేదు. రుసుము కట్టాము, నెల్లూరులోని యజమాని ఇంట్లో ఉన్న రెండవ యంత్రానికి లాగ్ వెళుతోంది, ప్రతి నెలా మొదటి ఆదివారం దాని నుండి పద్దులను లేపి చూసుకుంటున్నాము.

ఒకే కౌంటరు, ఒకే కంప్యూటరు ఉన్న చిన్న దుకాణానికి ఇంత ఏర్పాటు అవసరం లేదు. రిచర్డ్ హిప్ 2000లో తయారుచేసిన ఎస్క్యూలైట్ అనే చిన్న డేటాబేసు మీద నడిచే ప్రోగ్రాము చాలు, అందులోనూ లావాదేవీ మొత్తం జరుగుతుంది లేదా అసలు జరగదు. రెండు కౌంటర్లు, అరువు ఖాతాలు, వేరే చోట గోడౌను ఉన్న మేత దుకాణాలకు, రైసు మిల్లులకు, ఎరువుల దుకాణాలకు మాత్రం పోస్ట్‌గ్రెస్ మీద సరిగ్గా కట్టిన ప్రోగ్రామునే తీసుకోమంటాను. బేరం కుదుర్చుకునేముందు అమ్మకందారును తన ల్యాప్‌టాపు కాకుండా బ్యాటరీ లేని కంప్యూటరు మీద ప్రోగ్రామును చూపించమనండి, బిల్లు వేస్తుండగా ప్లగ్గు మీరే లాగండి.